నర్సింగ్ గడప ముందు మెట్లు వేసిన దుర్గాబాయమ్మ

మే 9 దుర్గాబాయి దేశ్‌ముఖ్ వర్ధంతి. ప్రతి ఏడూ ఆ రోజు మా సంఘం గదిలో ఆమె ఫోటోకు పూలదండ వేస్తాం. నాలుగు మంచి మాటలు చెప్పుకుంటాం, చాయ్ తాగి ఇళ్లకు వెళ్తాం. ఈసారి ఆ నాలుగు మాటలు కాస్త వివరంగా రాయాలనిపించింది. మన పిల్లల పది, పన్నెండు తరగతుల ఫలితాలు వచ్చేది ఈ నెలలోనే. దుర్గాబాయమ్మ జీవితానికీ ఆ మార్కు లిస్టులకూ దగ్గరి సంబంధం ఉంది.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఇవే రోజుల్లో ధారావి నుంచి ఒక తల్లీ కూతురూ మా దగ్గరికి వచ్చారు. అమ్మాయి పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. బీఎస్సీ నర్సింగ్ చదువుతానంది. నాయనమ్మ సయన్ హాస్పిటల్లో నెల రోజులు పడి ఉన్నప్పుడు అక్కడి సిస్టర్లను చూసి అప్పుడే అనుకుందట. మార్కు లిస్టు తీసి చూశాం. అన్నీ కామర్స్ సబ్జెక్టులు. ఫిజిక్స్ లేదు, కెమిస్ట్రీ లేదు, బయాలజీ లేదు. బీఎస్సీ నర్సింగ్ ఫారం నింపడానికే వీల్లేదు. అంతకు రెండేళ్ల ముందు ఆ పిల్ల పదకొండో తరగతి ఫారం నింపింది మేమే. కాలేజీ దగ్గర, ఫీజు తక్కువ, ట్యూషన్ అక్కర్లేదని కామర్స్ రాశాం. ఏం కావాలనుకుంటున్నావమ్మా అని ఒక్క మాట అడగలేదు.

ఆ రోజు నుంచి గోడ మీది ఫోటో చూసినప్పుడల్లా దుర్గాబాయమ్మ మమ్మల్ని నిలదీస్తున్నట్టే ఉంటుంది. ఆమె జీవితమంతా ఈ ఒక్క పని మీదే నడిచిందని చెప్పవచ్చు. చదువు గడప దగ్గర ఆగిపోయిన ఆడవాళ్లకు మెట్లు వేయడమే ఆ పని.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. వయసు వచ్చాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె చెప్పేశారు. తండ్రి ఆమె మాటకు అడ్డు చెప్పలేదు. నూరేళ్ల కింద ఒక తెలుగింట ఇలా జరగడం చిన్న సంగతి కాదు.

1921లో గాంధీ గారు కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేళ్లు. ఊళ్లోని దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకోవాలని ఆమె పట్టుబట్టారు. నిధి కింద ఐదు వేల రూపాయలు ఇస్తేనే ఆ సభ కుదురుతుందని పెద్దలు షరతు పెట్టారు. ఆ డబ్బు సమకూరింది, సభ జరిగింది, గాంధీ గారి హిందీ ఉపన్యాసాన్ని ఆ చిన్నపిల్లే తెలుగులో చెప్పింది. కామాటిపురలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. మన వీధి పేరు చెబితే ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో మనకు తెలుసు. ఊరు వెలివేసిన ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడంతోనే ఆమె ప్రజాజీవితం మొదలైంది.

ఆమె చదువు మాత్రం బడిలో సాగలేదు. ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని చిన్నతనంలోనే బడి మానేశారు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టి తానే పాఠం చెప్పారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన కథ మనందరం విన్నదే. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో దిగారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. మదురై జైల్లో ఒంటరి కొట్టులో ఉంచారు. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడే మనిషి లేక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను ఆమె అక్కడ చూశారు.

జైలు నుంచి వచ్చేసరికి ఆమెకు పాతికేళ్లు దగ్గర పడ్డాయి. దేశమంతా పేరు తెలుసు కానీ చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్ లేదు. అది లేకపోతే కాలేజీ లేదు, కాలేజీ లేకపోతే లా చదువు లేదు. బడికి వెళ్లకుండానే ప్రైవేటుగా రాయడానికి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ఉందని తెలిసి, కూర్చుని చదివి పాసయ్యారు. తర్వాత ఇంటర్ కూడా అయింది. బీఏ ఆనర్స్‌కు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే అక్కడ ఇంకో గడప ఎదురైంది. ఆడపిల్లలకు హాస్టల్ లేదు. సర్ సి.ఆర్. రెడ్డి అప్పుడు వైస్ ఛాన్సలర్. ఆమె తిరిగి వచ్చేయలేదు. చదువుకోవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలను పత్రికా ప్రకటన ద్వారా పోగుచేసి, హాస్టల్ వచ్చేలా చేశారు. రాజనీతి శాస్త్రంలో డిగ్రీ అందుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివి 1942లో ప్లీడరు అయ్యారు.

ఆమె తన చదువు సంగతి మాత్రమే చూసుకుని ఊరుకోలేదు. 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. దాని మొదటి పనుల్లో ఒకటి తెలుగు ఆడపిల్లలను అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం. చిన్నప్పుడే పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు, మూడో తరగతో ఐదో తరగతో చదివి ఆపేసినవాళ్లు అక్కడికి వచ్చారు. తాను ఎక్కిన మెట్టు మీదికే మిగతావాళ్లనూ చేయి పట్టి ఎక్కించారు. సభ పెరిగిన కొద్దీ ఆసుపత్రి, నర్సింగ్ హోం, నర్సులకు శిక్షణ కూడా వచ్చాయి.

నర్సు పని గురించి ఆ రోజుల్లో మన ఇళ్లలో ఏమనుకునేవారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రి డ్యూటీ, పరాయి మగవాళ్లను ముట్టుకోవడం, మలమూత్రాలు ఎత్తడం, ఆ పైన కులం పట్టింపు. నర్సు మందు ఇస్తే కావాలి కానీ నర్సు సంబంధం మాత్రం వద్దు. మరోవైపు దేశంలో ఆ చదువు డిగ్రీ స్థాయికి ఎదిగింది. 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. మన ముంబైలో ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయం వారి లీలాబాయి ఠాకర్సీ నర్సింగ్ కాలేజీ 1964లో వచ్చింది. గౌరవం పెరిగింది, దానితో పాటే గడప ఎత్తూ పెరిగింది.

దుర్గాబాయమ్మ రాజ్యాంగ సభలో సభ్యురాలు. ఆ సభ అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ కూడా ఆమే. ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. నెహ్రూ సాక్షి సంతకం చేశారు. దేశ్‌ముఖ్ గారు మన రాయగడ్ వైపు మనిషి, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. 1956లో బొంబాయిని మహారాష్ట్ర నుంచి విడదీయాలన్న నిర్ణయాన్ని వ్యతిరేకించి మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ లెక్కన దుర్గాబాయమ్మ తెలుగువారికి ఆడపడుచు, ఈ రాష్ట్రానికి కోడలు. మరాఠీ గడ్డ మీద తెలుగు మాట్లాడుతూ బతికే మనకు ఆమె రెండు వైపులా చుట్టమే.

1953లోనే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, ఆమె దానికి తొలి అధ్యక్షురాలు అయ్యారు. పల్లెల్లో బాలవాడీలు, ప్రసూతి సాయం మొదలుపెడితే ఒక చిక్కు వచ్చిపడింది. టీచర్లు కావాలి, నర్సులు కావాలి, మంత్రసానులు కావాలి. పట్నంలో చదువుకున్న అమ్మాయిలు పల్లెకు వెళ్లరు. పల్లెలో ఉండే ఆడవాళ్లకు పని చేయాలని ఉంది కానీ శిక్షణలో చేరడానికి కావలసిన మిడిల్ స్కూలు, మెట్రిక్ చదువు లేదు. అర్హత తగ్గించేయడం అన్నిటికన్నా తేలిక. ఆమె ఆ దారి పట్టలేదు. రోగి ప్రాణం నర్సు చేతిలో ఉంటుంది కాబట్టి గడపను అలాగే ఉంచి, మనిషిని దాని ఎత్తుకు తీసుకురావాలనుకున్నారు. 1958లో బోర్డు మొదలుపెట్టిన సంక్షిప్త విద్యా కోర్సులు అలా వచ్చాయి. మధ్యలో చదువు ఆపేసిన, పద్దెనిమిదేళ్లు దాటిన స్త్రీలను రెండేళ్లు కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి చదవాల్సిన పాఠాలు చెప్పి పరీక్ష రాయించేవారు. పాసైనవాళ్లకు నర్సు, మిడ్‌వైఫ్, టీచరు, గ్రామసేవిక శిక్షణల తలుపులు తెరుచుకున్నాయి. అదే ఏడు జాతీయ మహిళా విద్యా కమిటీకి ఆమె అధ్యక్షురాలు అయ్యారు. 1959లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా చూసి, మగపిల్లలతో ఉన్న అంతరాన్ని తగ్గించాలని చెప్పింది.

1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. హైదరాబాద్ విద్యానగర్‌లో ఆమె పేరున ఆసుపత్రి నేటికీ నడుస్తోంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. పన్నెండో తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి, అన్నీ పాస్ కావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం రావాలి. రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం చాలు. మహారాష్ట్రలో దీనికి వేరే సీఈటీ పరీక్ష ఉంది. ఆ ఫారాలు పన్నెండో తరగతి పరీక్షల కాలంలోనే వస్తాయి. రిజల్టు వచ్చాక చూద్దామంటే సీటు పోయినట్టే. సైన్సులోనూ లెక్కలు మాత్రం తీసుకుని బయాలజీ వదిలేస్తే నర్సింగ్ దారి మూసుకుపోతుంది. అందుకే నిర్ణయం పన్నెండు తర్వాత కాదు, పది పాసైన ఈ నెలలోనే జరగాలి.

కులం సర్టిఫికెట్ గురించి కూడా ఒక మాట. ఊరి నుంచి తెచ్చిన సర్టిఫికెట్ ఇక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు. ఇక్కడి సర్టిఫికెట్‌కు ఎస్సీలైతే 1950 నాటికి, ఓబీసీలైతే 1967 నాటికి కుటుంబం మహారాష్ట్రలో ఉన్నట్టు రుజువు అడుగుతారు. తాతగారి మిల్లు కార్డు, చాల్ అద్దె రసీదు, మునిసిపల్ బడి దాఖలా వంటివి ట్రంకు పెట్టెలో ఉంటే పారేయకండి.

దారి తప్పినవాళ్లకు కూడా మెట్లు ఉన్నాయి. పన్నెండులో ఏ గ్రూపు చదివినా ఇంగ్లీషుతో 40 శాతం వస్తే మూడేళ్ల జీఎన్‌ఎమ్‌లో చేరవచ్చు. అది పాసై, నర్సుగా రిజిస్టరైతే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి డిగ్రీ అందుకోవచ్చు. నేరుగా బీఎస్సీయే కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా సైన్సు సబ్జెక్టులతో మళ్లీ పన్నెండు రాయవచ్చు. ఆ సబ్జెక్టులు, ఇంగ్లీషు ఉంటే నర్సింగ్ కౌన్సిల్ దాన్ని ఒప్పుకుంటుంది. దుర్గాబాయమ్మకు బెనారస్ మెట్రిక్ ఎలాంటిదో మన పిల్లలకు ఇది అలాంటిది.

ధారావి అమ్మాయి జీఎన్‌ఎమ్ దారి ఎంచుకుంది. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి చదువుతోంది. మొన్న దీపావళికి వచ్చినప్పుడు మా గదికి వచ్చి బీపీ చూసింది. నాలుగేళ్లలో అయ్యే డిగ్రీ ఆ పిల్లకు ఐదేళ్లు పడుతుంది. ఆ ఒక్క ఏడూ మా అజాగ్రత్తకు ఆమె కడుతున్న మూల్యం.

అందుకే మా సంఘం ఒక నియమం పెట్టుకుంది. పదకొండో తరగతి ఫారం మీద కలం పెట్టే ముందు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి ఏం కావాలనుకుంటోందో అడుగుతాం. మగపిల్లలనూ అడుగుతాం, నర్సింగ్ వాళ్లకూ ఉంది. మీ ఇంట్లో, మీ చాల్లో ఈ ఏడు పది పాసైన బిడ్డ ఉంటే మార్కు లిస్టు పట్టుకుని ఏ సాయంత్రమైనా రండి. దుర్గాబాయమ్మ ఫోటో కిందే కూర్చుని ఫారం నింపుదాం.