సంఘశక్తిని మేల్కొల్పిన హన్నా నోరిస్

శ్రీకాకుళం జిల్లా తీరాన పలాస, మందస, సోంపేట, కవిటి పరిసరాల్లోని గ్రామసీమను ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే ఈ సీమ పచ్చదనానికి ఎంత పేరుపొందిందో వలసలకూ అంత పేరుపొందింది. ఒకనాడు టెక్కలి మొదలు ఇచ్ఛాపురం వరకు గల పల్లెల నుండి బతుకుతెరువు కోసం ఎందరో ఓడలెక్కి బర్మాకు తరలిపోయేవారు. రంగూన్ నగరాన్ని మనవారు రంగం అనేవారు. ఆ నగరంలో తెలుగు కూలీల బిడ్డలకు చదువు చెప్పించేందుకు శ్రమించిన వారిలో ఒక విదేశీ వనిత ఉంది. బర్మాలో స్థిరపడక ముందు ఆమె కొంతకాలం శ్రీకాకుళంలో నివసించి తెలుగు నేర్చుకొన్నది. ఆమె పేరు హన్నా మరియా నోరిస్.

హన్నా 1842లో కెనడా దేశపు తూర్పుకొసన, నోవా స్కోషియా రాష్ట్రంలోని కాన్సో అనే గ్రామంలో జన్మించింది. ఉద్దానం వలెనే అదీ సముద్రాన్ని నమ్ముకొన్న సీమ. చేపలవేట అక్కడి ప్రజల ముఖ్యవృత్తి. హన్నా విద్యనభ్యసించి ఉపాధ్యాయిని అయింది. బాప్టిస్టు క్రైస్తవ సంప్రదాయంలో పెరిగిన ఆమెకు దూరదేశాలలో మతప్రచారం, విద్యాసేవ చేయాలన్న కోరిక బలంగా ఉండేది. బర్మాకు వెళ్ళదలచి తన సంఘపు పెద్దలకు ఆ కోరికను విన్నవించుకొన్నది. ఆమెను పంపడానికి తగిన నిధులు లేవని వారు బదులిచ్చారు.

ఆ కాలపు స్థితిగతులను గమనిస్తే ఆ నిరాకరణ ఎంత బరువైనదో తెలుస్తుంది. నాటి కెనడాలో స్త్రీలకు ఓటుహక్కు లేదు. వివాహితకు ఆస్తిపై గల అధికారం నామమాత్రం. స్త్రీ సభలో నిలబడి మాట్లాడడాన్ని పలువురు తప్పుగా భావించేవారు. ప్రార్థనామందిరాలను నింపేది స్త్రీలే అయినా నిర్ణయాలు తీసుకొనేది పురుషులు. అట్టి సమాజంలో అవివాహిత అయిన ఒక ఉపాధ్యాయిని స్వతంత్రంగా విదేశానికి వెళతాననడమే సాహసం. పెద్దలు కాదన్నంత మాత్రాన హన్నా వెనుకంజ వేయలేదు. ఏదో ఒక మార్గాన ప్రయాణం సాగించడానికే నిశ్చయించుకొన్నది. ఆమె పట్టుదలను చూసిన పెద్దలు మరల యోచించి, ఊరూరా స్త్రీలను కూడగట్టి వారి సహాయం అర్థించవచ్చునని సూచించారు.

1870వ సంవత్సరం వేసవిలో హన్నా ఆ పనికి పూనుకొన్నది. పట్టణాలు, పల్లెలు తిరిగి సభలు జరిపింది. కొద్ది నెలల కాలంలోనే ముప్ఫైకి పైగా మహిళా సహాయ సంఘాలు వెలిశాయి. వాటిలో చేరినవారు అధికభాగం సామాన్య కుటుంబాల స్త్రీలు. ఇంటిఖర్చులలో మిగిల్చిన కొద్దిపాటి సొమ్మే వారి చందా. ఒక్కొక్కరు ఇచ్చినది స్వల్పమే అయినా, పదిమంది చేతులు కలిసేసరికి పెద్దలు సమకూర్చలేకపోయిన నిధి సమకూడింది. అదే సంవత్సరం హన్నా బర్మాకు ఓడ ఎక్కింది.

బర్మాలో ఆమె కరెన్ అనే జాతి ప్రజల మధ్య పనిచేసింది. 1873లో ఆమె స్వదేశం నుండి మరి ఏడుగురు మిషనరీలు వచ్చి చేరారు. వారిలో ఒకడైన విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను 1874లో ఆమె వివాహమాడింది. ఆ బృందం సయాం దేశంలో, అనగా నేటి థాయిలాండ్‌లో, కరెన్ ప్రజల కోసం కేంద్రాన్ని నెలకొల్పదలచింది. కాని అక్కడ ఆ జాతివారు అతిస్వల్పంగా ఉన్నట్లు తేలింది. అప్పటికే కాకినాడలో పనిచేస్తున్న మరొక కెనడా బాప్టిస్టు బృందం ఆహ్వానించగా, 1875లో వారందరూ తెలుగుదేశానికి తరలివచ్చారు. అనంతరం భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం వారి కేంద్రాలయ్యాయి. వాటిలో శ్రీకాకుళం ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతుల నివాసమయింది.

ఆంగ్లేయులు చికాకోల్ అని పిలిచిన ఆ పట్టణం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. ఆ తీరం వెంట రైలుమార్గం ఏర్పడినది 1890ల దశకంలోనే. అంతకుముందు ఎడ్లబండి, పల్లకి, కాలినడక మాత్రమే ప్రయాణ సాధనాలు. బాలికలు బడికి వెళ్ళడం అరుదు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలతో పరపురుషులు మాట్లాడే వీలే లేదు. పురుష మిషనరీలకు మూసి ఉన్న ఆ వాకిళ్ళు స్త్రీలకు తెరుచుకొన్నాయి. దూరదేశపు మహిళా సంఘాల సొమ్ముతో వచ్చిన స్త్రీలు ఇళ్ళకు వెళ్ళి మాట్లాడారు, బాలికలకు అక్షరాలు నేర్పారు. మతప్రచారమే వారి ప్రథమోద్దేశం. ఆ ఉద్దేశాన్ని అంగీకరించినవారూ ఉన్నారు, ఎదిరించినవారూ ఉన్నారు. అయినా వారు నేర్పిన అక్షరం ఎందరో స్త్రీలకు అక్కరకు వచ్చింది. ఈ కృషిలో బైబిలు స్త్రీలు అని పిలువబడిన తెలుగు వనితల పాలు తక్కువేమీ కాదు. ఎండనక వాననక పల్లెలు తిరిగినవారు వారే. వారిలో అనేకుల పేర్లు చరిత్రకెక్కలేదు.

1880ల దశకంలో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు మరల బర్మాకు వెళ్ళారు. ఆనాటికి రంగూన్ రేవులోను, బియ్యపు మిల్లులలోను వేలాది తెలుగు కూలీలు పనిచేస్తుండేవారు. కోరంగి రేవు పేరుమీదుగా అక్కడివారు తెలుగువారిని కోరంగులని వ్యవహరించేవారు. మాట తెలియని నేలపై, మేస్త్రీల అప్పులలో చిక్కుకొన్న బతుకులు వారివి. తెలుగుతీరంలో నేర్చిన భాష హన్నాకు అక్కడ అక్కరకు వచ్చింది. బర్మాలోని తెలుగు, తమిళ కుటుంబాల పిల్లల కోసం బడులు నెలకొల్పడంలో ఆమె తన శేషజీవితంలో అధికభాగం వెచ్చించింది. 1919లో కెనడాలో కన్నుమూసింది.

హన్నా నాటిన సంఘాలు ఆమెతో అంతరించలేదు. వాటి ఆదరణతో తరతరాలుగా ఉపాధ్యాయినులు, వైద్యురాండ్రు కళింగసీమకు వచ్చారు. అదే కెనడా బాప్టిస్టు మిషన్‌కు టెక్కలి కూడా ఒక కేంద్రమయింది. ఉద్దానంలోని సోంపేటలో ఆ మిషన్‌కు చెందిన ఆరోగ్యవరం ఆసుపత్రి కంటి చికిత్సకు పేరుగాంచింది. అక్కడి వైద్యుడు బెన్ గల్లిసన్ సేవ ప్రేరణగా, నేత్రచికిత్సకు విరాళాలు సేకరించే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ 1963లో కెనడాలో అవతరించింది.

హన్నా కట్టించిన బడుల కంటె ఆమె కూర్చిన సంఘాలే పెద్దవి అనిపిస్తుంది. ధనం లేదన్న మాటతో ఆగిపోవలసిన పనిని, ధనం లేనివారినే చేరదీసి ఆమె సాధించింది. అంతవరకు ఇంటికి, మందిరానికి పరిమితమైన స్త్రీలు సభ నడపడం, లెక్క రాయడం, తాము ఎన్నడూ చూడని దేశపు ఆడపిల్లల చదువును గురించి ఆలోచించడం అలవరచుకొన్నారు. ఒక శతాబ్దం గడచిన తరువాత మన పల్లెలలో పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. రూపాయి రూపాయి కూడబెట్టిన స్త్రీలు బ్యాంకు మెట్లెక్కారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. దేశం వేరు, మతం వేరు, కాలం వేరు. అయినా ఒంటరిగా చేతకాని పనిని కలిసి చేయవచ్చునన్న తెలివిడి రెండుచోట్లా ఒక్కటే. కాదన్నవారి వాకిట నిలిచిపోక, పదిమందినీ కలుపుకొని సాగిన హన్నా జీవితం నుండి విద్యార్థులు గ్రహించదగినది ఇదే.