శ్రమదినములలో ఎనిమిది ప్రసంగములు
మార్టిన్ లూథరు జీవితమునుండి ఒక అధ్యాయము

మార్టిన్ లూథరు పేరు వినగానే 1517 అక్టోబరు 31న వెలువడిన తొంబదియైదు సిద్ధాంతములును, 1521 ఏప్రిలులో వర్మ్స్ పట్టణపు రాజసభ యెదుట ఆయన చూపిన ధైర్యమును విశ్వాసుల జ్ఞాపకమునకు వచ్చును. చక్రవర్తి యెదుట నిలుచుటకు ధైర్యము కావలెను. అయితే తన పక్షమువారినే ప్రేమతో మందలించి ఆపుటకు అంతకంటె గొప్ప కృప కావలెను. 1522వ సంవత్సరపు శ్రమదినములలో ఆ కృప ఆయనకు అనుగ్రహింపబడెను.

లూథరు 1483 నవంబరు 10న జర్మనీ దేశమందలి ఐస్లెబెన్ పట్టణములో జన్మించెను. 1505లో ఎర్‌ఫుర్టు నగరమందలి అగస్టీను మఠములో చేరెను. ఉపవాసములు, జాగరణలు, పాపపు ఒప్పుదలలు ఎన్ని చేసినను ఆయన మనస్సాక్షికి నెమ్మది కలుగలేదు. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయములో లేఖనములను బోధించుచు, రోమీయులకు వ్రాయబడిన పత్రికను ధ్యానించుచుండగా, దేవుడు పాపిని క్రియలవలన గాక క్రీస్తునందలి విశ్వాసమువలననే నీతిమంతునిగా ఎంచునను సత్యము ఆయనకు తేటపడెను.

వర్మ్స్ సభ తరువాత చక్రవర్తియైన ఐదవ చార్లెసు ఆయనకు రాజ్యములో చట్టరక్షణ లేకుండ శాసనము చేసెను. సాక్సనీ ప్రభువైన ఫ్రెడరిక్ ఆయనను వార్ట్‌బర్గు కోటలో రహస్యముగా దాచెను. అక్కడ లూథరు గడ్డము పెంచి, మారుపేరుతో, యోధుని వేషములో పది నెలలు గడిపెను. ఆ ఏకాంతములోనే క్రొత్త నిబంధనను గ్రీకు భాషనుండి జర్మను భాషలోనికి సుమారు పదునొకండు వారములలో తర్జుమా చేసెను.

ఆయన లేని కాలమున విట్టెన్‌బర్గులో మార్పులు వేగముగా జరిగెను. 1521 క్రిస్మసు దినమున ఆయన సహబోధకుడైన ఆండ్రియాస్ కార్ల్‌స్టాట్ గురువస్త్రములు ధరింపకయే ఆరాధన నడిపి, అంతవరకు గురువులు మాత్రమే పుచ్చుకొనుచుండిన ద్రాక్షారసపు పాత్రను సామాన్య జనులకును అందించెను. మఠవాసియైన గాబ్రియేల్ జ్విల్లింగ్ తీవ్రముగా ప్రసంగించెను. కొందరు బలిపీఠములను పడగొట్టి, ప్రతిమలను నాశనము చేసిరి. ఉపవాస దినములలో మాంసము తినుటయే విశ్వాసమునకు గురుతన్నట్లు కొందరు నడచుకొనిరి. చిన్ననాటినుండి నేర్చుకొనిన భక్తి ఒక్కసారిగా కూలుట చూచి అనేకులు కలవరపడిరి.

ఈ మార్పులలో పెక్కు లూథరు బోధనుండి పుట్టినవే. అందుచేతనే ఆయన హృదయము మరింత వేదన చెందెను. తాను ప్రకటించిన స్వాతంత్ర్యము ఇప్పుడు క్రొత్త ధర్మశాస్త్రమై బలహీనుల మెడపై కాడి మోపుచుండెను. కోట విడిచి రావలదని ఫ్రెడరిక్ హెచ్చరించినను, మార్చి 1న ఆయన బయలుదేరెను. మార్చి 5 భస్మ బుధవారము. ఆ దినమున బోర్నా అను ఊరినుండి ఆయన ఫ్రెడరిక్‌కు లేఖ వ్రాసి, తాను మానవ ప్రభువుల రక్షణకంటె ఉన్నతమైన రక్షణ క్రింద వచ్చుచున్నానని తెలియజేసెను. పట్టుబడినయెడల ప్రాణమునకే అపాయము. అయినను మరునాడు విట్టెన్‌బర్గు చేరెను.

మార్చి 9 శ్రమదినములలో మొదటి ఆదివారము. లూథరు యోధుని వేషము తీసివేసి, తిరిగి మఠవాసి వస్త్రములు ధరించి, పట్టణ దేవాలయపు ప్రసంగపీఠమెక్కెను. ఆనాటినుండి తరువాతి ఆదివారము వరకు దినమున కొకటి చొప్పున ఎనిమిది ప్రసంగములు చేసెను.

మరణ ఘడియలో ఒకని బదులు మరియొకడు నిలువజాలడనియు, కనుక ప్రతివాడును తన విశ్వాసమును తానే యెరిగియుండవలెననియు ఆయన మొదట బోధించెను. ఆ వెంటనే ప్రేమను గూర్చి చెప్పెను. తల్లి పసిబిడ్డకు పాలతో ఆరంభించి, క్రమక్రమముగా గట్టి ఆహారము నేర్పునట్లు, బలవంతుడు బలహీనునియెడల ఓర్పు చూపవలెనని వివరించెను. దుర్బోధను వాక్యముచేత ఎదిరింపవలెనే గాని చేతిబలముచేత కాదనెను. మాంసము తినుట, మానుట, ప్రతిమలు, మఠజీవితము మొదలగునవి దేవుడు విశ్వాసికి స్వేచ్ఛగా విడిచినవి గనుక, వాటిని ఆజ్ఞగా చేయుట తగదనెను. ప్రభురాత్రి భోజనముయొక్క ఫలము పరస్పర ప్రేమయేననియు, ఆ ఫలము తమలో కానరాకుండుట శోచనీయమనియు సంఘమును గద్దించెను.

పట్టణము నెమ్మదించెను. జ్విల్లింగ్ తన తప్పిదమును ఒప్పుకొనెను. కార్ల్‌స్టాట్ మాత్రము సమ్మతింపలేదు. లూథరు సంస్కరణను విడువలేదు, వాక్యము హృదయములలో పనిచేయుటకు సమయమిచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరులో జర్మను క్రొత్త నిబంధన ముద్రితమై జనుల చేతికి వచ్చెను. జర్మను భాషలో ఆరాధన క్రమమును ఆయన 1526లో గాని ప్రచురింపలేదు.

ఈ ఓర్పు ఆయనయందు కడవరకు నిలిచియుండలేదని చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. 1525లో తిరుగుబాటు చేసిన రైతులకు విరోధముగాను, 1543లో యూదులకు విరోధముగాను ఆయన వ్రాసిన క్రూరమైన మాటలు అనేకులకు గాయము కలిగించెను. యూదులకు విరోధమైన ఆ వ్రాతలను లూథరను సంఘములే తరువాతి కాలమున బహిరంగముగా నిరాకరించెను. 1546 ఫిబ్రవరి 18న ఐస్లెబెనులోనే కన్నుమూసిన ఈ దైవజనుడు, తాను బోధించిన కృప తనకును అవసరమైనవాడే.

1842లో హయ్యరు గుంటూరు చేరినప్పటినుండి లూథరను సాక్ష్యము తెలుగు నేలను వేరూనినది. నేడు తెలుగు విశ్వాసులలో కొందరు నలువది దినములు మాంసము మాని, సాయంకాల కూడికలలో ప్రభుని శ్రమలను ధ్యానింతురు. మరికొందరు ఈ కాలమును ప్రత్యేకముగా ఆచరింపరు. ఒకే యింటిలో, ఒకే బల్లయొద్ద ఈ ఇరువురును కూర్చుండవచ్చును. ఉపవసించువాడు ఉపవసింపనివానికి తీర్పు తీర్చక, తినువాడు తిననివానిని తృణీకరింపక, ఒకరినొకరు చేర్చుకొనిన దినమున ఆ ఎనిమిది ప్రసంగములు వ్యర్థము కాలేదని తెలియును. సిలువ నీడను చేరినవారందరును అక్కడ అప్పు క్షమింపబడినవారే.