సూరత్‌కు ఆసుపత్రినిచ్చిన రెడీమనీ

తెలంగాణ నేత కుటుంబాలు మరమగ్గాల పని వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన నగరం సూరత్. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, ఆ ప్రాంతం వారే బతుకుతెరువు కోసం బొంబాయికి తరలిపోయారు. అలా వెళ్లిన పార్సీ కుటుంబాల్లో ఒకటి సూరత్ సమీపంలోని నవ్‌సారీకి చెందినది. చైనా వర్తకంలో ధనం గడించి, అడిగిన వెంటనే రొక్కం సమకూర్చగలిగిన ఆ ఇంటివారికి ‘రెడీమనీ’ అన్న పేరు స్థిరపడింది.

ఆ వంశంలో 1812 మే 24న జన్మించిన కావస్‌జీ జహంగీర్ చదువు కొద్దిపాటిదే. పదిహేనో ఏట ఒక ఆంగ్ల వర్తక సంస్థలో గోదాము గుమాస్తాగా చేరారు. 1837లో రెండు ప్రముఖ ఐరోపా సంస్థలకు హామీ దళారీ అయ్యారు. సరిగ్గా అదే ఏడాది సూరత్‌లో ఘోర అగ్నిప్రమాదం సంభవించి వేలాది ఇళ్లు బూడిదయ్యాయి. ఆపై తాపీ నది వరద ముంచెత్తింది. మొగలుల కాలంలో దేశానికే పెద్ద రేవుగా వెలిగిన ఆ నగరం అప్పటికే వర్తకాన్ని బొంబాయికి కోల్పోయింది.

కావస్‌జీ 1846లో సొంత వ్యాపారం ప్రారంభించారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ధరలు పెరిగి బొంబాయిలో సంపద వరదలా వచ్చిపడింది. 1865లో యుద్ధం ముగియగానే ఎందరో ధనికులు దివాలా తీశారు. సూరత్‌లో పుట్టిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ వారిలో ఒకరు. నిలిచిన సంపదను కావస్‌జీ ప్రజాహితానికి మళ్లించారు. తాతల నాటి నేలను మరువక సూరత్‌లో సివిల్ ఆసుపత్రికి విరాళమిచ్చారు. బొంబాయిలో నేత్ర వైద్యశాలకు, సింధ్‌లోని హైదరాబాద్‌లో మానసిక చికిత్సాలయానికి ధనసహాయం చేశారు. సొంత మతస్థులకే పరిమితం కాకపోవడం ఆ దానాల విశిష్టత.

ఆయన జీవితంలో మరో పార్శ్వమూ ఉంది. 1866లో బొంబాయి ఆదాయపు పన్ను కమిషనర్లలో ఒకరిగా, ప్రజలకు రుచించని పన్నును వసూలు చేసే బాధ్యత స్వీకరించారు. ఆంగ్లేయుల పాలనలో పార్సీలకు లభించిన రక్షణకు కృతజ్ఞతగా 1869లో లండన్ రీజెంట్స్ పార్కులో మంచినీటి ఫౌంటెన్ నిర్మింపజేశారు. 1872లో సర్ బిరుదు పొందారు. వలస ప్రభుత్వం ప్రజల వైద్యానికి తగినంత వెచ్చించని ఆ రోజుల్లో, ఆసుపత్రి గోడలు లేవాలంటే దాతల దయే దిక్కు. పాలకుల మెప్పు, పేదల అవసరం రెండూ ఆ విరాళాల్లో కలిసిపోయాయి.

1871లో ఆరోగ్యం దెబ్బతిన్న కావస్‌జీ 1878లో కన్నుమూశారు. సింధ్‌లోని మానసిక చికిత్సాలయం దేశ విభజన తరువాత పాకిస్తాన్‌లో భాగమైంది. అయినా నేటికీ ఆయన పేరుతోనే రోగులకు సేవలందిస్తోంది. సరిహద్దులు మారినా, రోగికి తెరచిన తలుపు మూతపడలేదు.