మన్రో దొర, టేకు మాను, మన టమేటా

ఒకప్పుడు మన సీమలో మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేటోళ్లు. తెల్లదొర పేరు ఊరి బిడ్డకు పెట్టిరంటే ఆయప్ప మీద ఎంత నమ్మకమో చూడండి. ఆ థామస్ మన్రో బతుకులో అడవి సంగతి మాత్రం మనం చానా తక్కువ చెప్పుకుంటాం.

1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టినాడు. వాళ్ల నాయన అమెరికా పొగాకు యాపారి. ఆడ యుద్ధం లేచేసరికి యాపారం మునిగిపాయ. కొడుకు 1780లో కుంపిణీ సైన్యంలో కొలువుకు మద్రాసులో దిగినాడు. హైదరలీ, టిప్పూల మీద యుద్ధాల్లో తిరిగి, కుప్పానికి ఆపక్కనుండే బారామహల్‌లో పన్నుల పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం దత్త మండలాలను కుంపిణీకి అప్పజెప్తే, ఆయప్పే కలెక్టరుగా వచ్చినాడు. అప్పుడు మదనపల్లె కడప కిందనే ఉండేది.

ఏడేండ్లు ఊరూరూ తిరిగి భూమి కొలిపించినాడు. పాళెగాళ్లను అణిచి, రైతే నేరుగా సర్కారుకు పన్ను కట్టే రైత్వారీ పెట్టినాడు. పన్ను దుడ్లుగా కట్టాల. దుడ్లు కావాలంటే పంట అంగడికి పోవాల. భారం ఎక్కువైందని తెలిసి 1807లో పోతా పోతా నూటికి 25 తగ్గించమని రాసినాడు. పైవాళ్లు వినలే. 1820లో మద్రాసు గవర్నరై వచ్చినాక తానే తగ్గించినాడు.

అప్పుడే మలబారు అడవుల తగువు ముందుకొచ్చింది. ఓడలకు టేకు కావాలని కుంపిణీ 1806లో వాట్సన్ అనే కెప్టెన్‌ను అడవుల మీద అధికారిగా పెట్టింది. టేకు మాను ఎవరి భూమిలో ఉన్నా సర్కారుకే అన్నారు. జనం, కలప యాపారులు మొరపెట్టినారు. మన్రో వాళ్ల పక్క నిలబడి 1823లో ఆ కొలువునే ఎత్తేయించినాడు. సర్కారు గూడా కలప అంగట్లోనే కొనుక్కోవాల, ధర ఉంటే సరుకు అదే వస్తుందని ఆయప్ప లెక్క.

జనానికి అది న్యాయమే. అయితే టేకు మాను కోతకు రావాలంటే ఏండ్లూ పూండ్లూ పడుతుంది. యాపారి అన్ని రోజులు కాసుకోడు. కొట్టినోళ్లేగాని నాటినోళ్లు లేరు. 1840లలో కలెక్టరు కానొలీ నిలంబూరులో టేకు మళ్లా నాటించాల్సి వచ్చింది. ఆమీట రైళ్లు వచ్చె. స్లీపర్లకు, ఇంజన్ల పొయ్యికి ఇంగా అడవి పాయ. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి, గుట్టల్లో మేకలు తోలుకునేటోళ్ల మీద కట్టుబాటు పెట్టిరి.

మన్రో ఇదంతా చూడలే. 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి పోయినాడు. గుత్తిలో పూడ్చినారు. రైతు కష్టం తెలిసిన దొరే, మాను వయసు మాత్రం లెక్కలో వేసుకోలే.

ఇప్పుడు మన నిమ్మనపల్లె టమేటా మదనపల్లె మార్కెట్టుకు, ఆడినుంచి చెన్నైకి, బెంగుళూరుకు పోతా ఉండాది. ప్రతి బాక్సుతో మన బోరునీళ్లు గూడా పోతాయి. మందు, కూలి, బాడుగ అన్నీ లెక్క రాస్తాం, నీళ్ల ఖరీదు యాడా రాయం. అమ్మొద్దని ఎవరూ అనలేరు, పిల్లోళ్ల చదువులు దాంట్లోనే ఉండాయి. సర్కారు బోర్లకు తాళమేస్తే రైతు కూలతాడు. అట్లే ఒదిలేస్తే బోర్లు ఎండతాయి. వాన ఎంత పడింది, చెరువులో, భూమిలో ఎంత నిలిచింది, ఎన్ని ఎకరాలకు చాలుతుంది అని ఊరే కూచోని లెక్కగట్టి నాటుకోవాల. 2000 తర్వాత మన చిత్తూరు జిల్లాలో కొన్ని ఊర్ల రైతులు ఆ పని చేసి చూపించినారు గూడా. మళ్లా మొదలుపెట్టడానికి ఏ దొరా రానక్కర్లేదు.