ఆచార్య జగదీశచంద్ర బోసు

మన దేశమున విజ్ఞానశాస్త్రమునకు వన్నె తెచ్చిన మహనీయులలో ఆచార్య జగదీశచంద్ర బోసు అగ్రగణ్యుడు. మొక్కలు వేడికి, దెబ్బకు, విషమునకు స్పందించునని చూపిన శాస్త్రజ్ఞునిగ పాఠ్యపుస్తకములు ఆయనను మనకు పరిచయము చేయును. అంతకు ముందే ఆయన తంతి లేకయే గోడలను దాటిపోవు విద్యుత్తరంగములను పరిశోధించెనని ఎఱిగినవారు తక్కువ. నేడు మన ఇండ్లలో వైఫై మూలమున సెల్‌ఫోనులో మాటాడునపుడు ఆ జాతి తరంగములే మన మాటను మోయుచున్నవి. ఆ మాట నడుమ తెగిపోయినపుడు లోపమును వెదకు విధమును కూడ ఆయన జీవితమునుండి నేర్చుకొనవచ్చును. కావున మేము ఈ సంచికలో ఆయన చరిత్రను సంగ్రహముగ చెప్పదలచితిమి.

బోసు 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశములో నున్న మైమెన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్ర బోసు ఫరీదుపూరులో డిప్యూటీ మేజిస్ట్రేటుగ ఉద్యోగము చేసెను. ఆ కాలమున అట్టి హోదాగలవారు తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపుటయే గౌరవమని తలచెడివారు. భగవాన్ చంద్రుడు మాత్రము తన కుమారుని బెంగాలీ బడిలో చేర్చెను. బిడ్డ మొదట తన భాషను, తన జనమును ఎఱుగవలయునని ఆయన అభిప్రాయము. ఆ బడిలో జగదీశునకు ఒక ప్రక్క తండ్రి వద్ద పనిచేయు ముస్లిము సేవకుని కుమారుడును, మఱియొక ప్రక్క జాలరి కుమారుడును కూర్చుండెడివారు. వారు చెప్పిన పక్షుల కథలను, జంతువుల కథలను, నీటిలోని ప్రాణుల కథలను ఆ బాలుడు మైమఱచి వినెడివాడు. ప్రకృతిని శోధింపవలయునను కోరిక తనలో అప్పుడే మొలకెత్తినదని ఆయన పెద్దవాడైన పిమ్మట చెప్పెను.

ఈ సంగతిని మేము ప్రత్యేకముగ చెప్పుటకు కారణము కలదు. మనము తెలుగునాటికి వెలుపల తరతరములుగ స్థిరపడినవారము. ఇంటిలో ఒక భాషను, అంగడిలో ఒక భాషను మాటాడుచున్నాము. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డ ముందునకు పోగలడా యను సందేహము అనేక గృహములలో కలదు. బోసు కూడ మాతృభాషలో చదివి, 1869లో కలకత్తాకు వచ్చి, మొదట హేరు పాఠశాలలోను, తరువాత సెయింట్ జేవియర్ పాఠశాలలోను చేరెను. అచ్చట ఇంగ్లీషు ఇంటిభాషగా గల పిల్లల నడుమ ఆయన మొదట కష్టపడకపోలేదు. అయినను కొలది కాలములోనే ఆ భాషను సాధించెను. ప్రశ్నించు అలవాటును మాత్రము ఆయన తన మొదటి బడినుండియే తెచ్చుకొనెను.

సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లాఫాఁ అను ఆచార్యుడు ప్రయోగములు చేసి చూపుచు భౌతికశాస్త్రమును బోధించెడివాడు. ఆయన ప్రభావమున బోసునకు ఆ శాస్త్రముపై మక్కువ కలిగెను. 1879లో బి.ఏ. పట్టమును పొంది, 1880లో వైద్యవిద్య కొఱకు లండనునకు పోయెను. అచ్చట జ్వరము పదేపదే పీడించుటచే వైద్యమును విడిచి, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్ కళాశాలలో ప్రకృతిశాస్త్రములను చదివెను. లార్డు రాలే వంటి ప్రసిద్ధుని వద్ద శిష్యరికము లభించెను. 1884లో చదువు ముగించుకొని, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగ ప్రవేశించెను.

అప్పటి ప్రభుత్వము భారతీయులైన ఆచార్యులకు ఐరోపావారి జీతములో మూడింట రెండు వంతులే ఇచ్చెడిది. బోసు ఉద్యోగము తాత్కాలికమని చెప్పి అందులోను సగము తగ్గించిరి. ఆయన ఆ అన్యాయమునకు తలవంచలేదు. పని మానను కూడ లేదు. మూడు సంవత్సరములు జీతమును ముట్టక, ఒక్కదినమైనను పాఠమును తప్పక బోధించెను. ఇంటిలో తండ్రి చేసిన అప్పుల భారము ఉండెను. 1887లో ఆయనను వివాహమాడిన అబలాదేవి మద్రాసులో వైద్యవిద్యను అభ్యసించిన విదుషి. ఆమె ఆ కష్టకాలమున భర్తతో సమముగ ఇక్కట్లను భరించెను. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి, ఆయన ఉద్యోగమును స్థిరపఱచి, గడచిన కాలమునకు కూడ పూర్తి జీతమును చెల్లించెను.

1894 నవంబరు 30వ తేదీన, తన ముప్పదియాఱవ జన్మదినమున, ఇకమీదట పరిశోధనకే జీవితమును అంకితము చేయుదునని బోసు నిశ్చయించుకొనెను. కళాశాలలో ఆయనకు దొరికినది 24 చదరపు అడుగుల చిన్న గది. పరికరములను చేయుటకు తోడ్పడినవాడు ఒక సామాన్యమైన తగరపు పనివాడు. జర్మను శాస్త్రజ్ఞుడగు హెర్ట్‌జ్ అంతకు కొలది సంవత్సరముల క్రిందట విద్యుత్తరంగములను ప్రయోగమున నిరూపించి యుండెను. అవి పొడవైన తరంగములగుటచే వాని గుణములను పరీక్షించుటకు పెద్దపెద్ద పరికరములు కావలసివచ్చెడివి. బోసు తరంగమును కుఱుచ చేసెను. అయిదు మిల్లీమీటర్ల పొడవుగల తరంగములను పుట్టించి, బల్లమీద నిలుపదగు చిన్న పరికరములతో అవి వెలుగువలెనే పరావర్తనము, వక్రీభవనము, ధ్రువణము చెందునని చూపెను. రైల్వే వేళల పుస్తకమున ఆకుల నడుమ తగరపు రేకులనుంచి, దానిని ఒక విధముగ పట్టినచో తరంగము దాటుననియు, త్రిప్పి పట్టినచో ఆగుననియు కనుగొనెను. మెలిపెట్టిన జనపనారతో కూడ ప్రయోగములు చేసెను.

1895లో కలకత్తా టౌన్‌హాలులో బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు సమక్షమున ఆయన చేసిన ప్రదర్శన చరిత్రలో నిలిచినది. తరంగము గోడలను దాటి, 75 అడుగుల దూరమున నున్న గదిలో గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చెను. 1896లో లండను విశ్వవిద్యాలయము ఆయనకు డి.ఎస్‌సి. పట్టము నిచ్చెను. 1897 జనవరి 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పండితుల యెదుట ఆయన ఉపన్యసించెను. ఇచ్చట ఒక విషయమును స్పష్టము చేయవలయును. బోసు పంపినది సంకేతము మాత్రమే, మాట కాదు. తంతి లేకుండ మనుష్యుని మాటను మొదట పంపినవాడు ఫెస్సెండెన్. అది 1900లో అమెరికాలో జరిగెను.

బోసు చూపిన గుణములలో ఒకటి మన ఇండ్లకు నేరుగ సంబంధించినది. కంటికి కనబడు వెలుగునకు ఇటుక అడ్డము, నీరు అడ్డము కాదు. ఈ కనబడని వెలుగునకు ఇటుక అంతగా అడ్డము కాదు, నీరే అడ్డము. లోహపు రేకు దానికి అద్దము వంటిది. తగిలినది తగిలినట్లే వెనుకకు మఱలును. నేటి వైఫై తరంగములు ఒక రకము సుమారు 12 సెంటీమీటర్లు, మఱియొక రకము సుమారు 6 సెంటీమీటర్లు పొడవు కలవి. ఇనుప బీరువా వెనుకనో, నీటి తొట్టి ప్రక్కనో రూటరును ఉంచినచో మాట తెగుటకు కారణము బోసు ప్రయోగములలోనే కలదు. అనేక గోడలు అడ్డముగ నున్నపుడు కుఱుచ తరంగము త్వరగ బలహీనపడును; దూరపు గదికి పొడవైన రకమే మేలు.

తరంగమును పుట్టించుటకంటె దానిని పట్టుకొనుటయే బోసునకు కష్టమైనది. ఆనాటి గ్రాహకము గాజు గొట్టములో లోహపు రజను నింపినట్టిది. తరంగము తగిలినపుడు ఆ రజను కణములు ఒకదాని నొకటి అంటుకొని విద్యుత్తును పాఱనిచ్చును. బెంగాలు వేడికిని తేమకును ఆ రజను తుప్పుపట్టి, పరికరము ఒకనాడు పనిచేసి మఱునాడు మొండికెత్తెడిది. ఆయన దానిని పాఱవేయలేదు, అదృష్టమును నిందింపలేదు. లోపము తరంగములో నున్నదా, దారిలో నున్నదా, గ్రాహకములో నున్నదా యని ఒక్కొక్కటిగ వేఱుచేసి పరీక్షించెను. రజనుకు బదులు సన్నని ఉక్కు చుట్టలను గాడిలో అమర్చి, వాని నడుమ ఒత్తిడిని మరతో సరిచేయు ఏర్పాటు చేసెను. పిమ్మట గలీనా అను సీసపు ఖనిజముతో మేలైన గ్రాహకమును నిర్మించెను. మిత్రుల బలవంతముచే దానికి 1901లో అమెరికాలో పేటెంటు కోరగా, 1904లో లభించెను. ఆయనకు మాత్రము విజ్ఞానమును సొమ్ము చేసికొనుట యందు ఆసక్తి లేకుండెను.

విద్యార్థులారా, ఇంటిలో వైఫై మాట సరిగా వినబడనపుడు మీరును ఈ పద్ధతినే అవలంబింపుడు. మొదట ఫోనులో వైఫై కాలింగు మీట తెఱచి యున్నదా, మీ కంపెనీ ఆ సదుపాయమును ఇచ్చుచున్నదా చూడుడు. మన దేశమున ఇది 2019 చివరనే మొదలైనది. పిదప విమానపు బొమ్మ గల మీటను నొక్కి, వైఫైని మాత్రము తెఱచి మాటాడి చూడుడు. అప్పుడు మాట నిశ్చయముగ వైఫై దారినే పోవును. రూటరు చెంత బాగుగ వినబడి వంటయింటిలో తెగినచో లోపము దారిలోనిది. రూటరును ఎత్తైన చోటికి, ఇంటి నడుమకు మార్చుడు. చెంతనే నిలిచినను తెగినచో రెండవ ఫోనుతో పరీక్షింపుడు. అది పనిచేసినచో లోపము మొదటి ఫోనులోనో దాని సిమ్ములోనో ఉన్నది. ఫోనును ఆపి మరల తెఱచి, దాని సాఫ్టువేరును నవీకరింపుడు. రెండును పనిచేయనిచో రూటరును కొన్ని క్షణములు ఆపి మరల వెలిగింపుడు. అప్పటికిని కానిచో లోపము ఇంటి వెలుపలిది కావచ్చును. కంపెనీవారికి తెలుపుట యుక్తము. అన్నిటిని ఒక్కసారి మార్చినచో ఏది బాగుచేసినదో ఎన్నటికిని తెలియదు. ఒక్కసారికి ఒక్కటియే మార్చుడు.

బోసు జీవితమున లోపమును వెదకుట ఇంకొక ద్వారమును తెఱచెను. గ్రాహకము ఎడతెగక పనిచేసినచో మందగించి, విశ్రాంతి నిచ్చినచో మరల చుఱుకగుటను ఆయన గమనించెను. ఇతరులు దానిని పరికరదోషమని విడిచిపెట్టి యుందురు. ఆయన మాత్రము ఇది జీవుల అలసటవలె నున్నదే యని ఆశ్చర్యపడెను. 1900లో పారిసులో జరిగిన భౌతికశాస్త్ర మహాసభలో ఆ సంగతిని వివరించెను. ఆ దారిలోనే మొక్కల అధ్యయనమునకు పోయి, వాని పెరుగుదలను వేల రెట్లు పెద్దదిగ చూపు క్రెస్కోగ్రాఫును నిర్మించెను. మొక్కలను గూర్చి ఆయన చేసిన నిర్ణయములలో కొన్నిటిని తోటి శాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు. అయినను మొక్కలలో విద్యుత్సంకేతములు ప్రసరించునను విషయము నేడు శాస్త్రమున స్థిరపడినది.

1915లో కళాశాలనుండి విశ్రమించి, 1917 నవంబరు 30వ తేదీన కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించెను. 1920లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. ఇంత కీర్తి వచ్చిన పిమ్మటను ఆయన తన మొదటి బడి భాషను మఱువలేదు. కనబడని వెలుగును గూర్చి, మొక్కలను గూర్చి తన జనులకు అర్థమగునట్లు బెంగాలీలో వ్యాసములు వ్రాసి, 1921లో అవ్యక్త అను పేరుతో ప్రకటించెను. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో ఆయన దివంగతుడయ్యెను. 2012లో అంతర్జాతీయ విద్యుదింజనీర్ల సంస్థ ఆయన చేసిన మిల్లీమీటరు తరంగముల ప్రయోగములను చరిత్రలో మైలురాయిగ గుర్తించినది.

తల్లిదండ్రులకు మేము మనవి చేయునది ఒక్కటియే. బిడ్డ ఏ భాషలో మొదట చదివెననునది వాని ఎదుగుదలకు ఎల్ల కాదు. పనిచేయని వస్తువు నెదుట నిలిచి, ఎందుకని అడుగుటకు వానికి అవకాశము లభించినదా యనునదే ముఖ్యము. ఆ ప్రశ్నను బిడ్డ మొదట తెలుగులోనే అడుగును; దానికి మనము తెలుగులోనే ఓపికగ బదులు చెప్పవలయును.