నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు: ఆచార్య రంగా గారి కథ

పన్నెండో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే కువైట్‌లోని మన తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ. ఏ దేశం? ఏ యూనివర్సిటీ? ఏ కోర్సు? ఇక్కడ పుట్టి పెరిగినా మన పిల్లల్లో చాలామందికి పై చదువుల కోసం కువైట్ దాటక తప్పదు. ఇంజనీరింగ్ అన్నా, మెడిసిన్ అన్నా పెద్దవాళ్ళం వెంటనే తల ఊపుతాం. అదే ఇంట్లో అమ్మాయో అబ్బాయో వ్యవసాయం చదువుతాననో, తోటల పెంపకం చదువుతాననో అంటే మాత్రం ఎవరికీ మాట రాదు. అప్పులు తీర్చుకోవడానికి పొలం వదిలి ఎడారికి వచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. దాచుకున్న దీనార్లు మళ్ళీ ఆ పొలం చదువుకేనా ఖర్చు పెట్టేది అని తల్లిదండ్రులు దిగులుపడితే వాళ్ళను తప్పు పట్టలేం.

అందుకే ఈ ఏడాది మన సంచికలో ఆచార్య ఎన్.జి. రంగా గారి జీవితాన్ని పిల్లలకు చెప్పాలనుకున్నాం. రైతు ఇంట పుట్టి, సముద్రాలు దాటి చదువుకుని, ఆ చదువును మళ్ళీ రైతు ఇంటికే తెచ్చిన మనిషి ఆయన. గుంటూరు దగ్గర లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. అయితే ఇందులో ఒక విశేషం ఉంది. రంగా గారు విదేశంలో చదివింది పంటల శాస్త్రం కాదు, ఆర్థికశాస్త్రం. మరి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు ఎందుకు పెట్టారో తెలియాలంటే కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. పొన్నూరును ఆనుకుని ఉన్న ఊరు అది. కృష్ణా డెల్టా గ్రామం. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. అక్కడి నుంచి కాలువలు పారాయి, మెట్ట చేలు వరి మళ్ళు అయ్యాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు డెల్టా రైతు అదృష్టవంతుడు. దగ్గరికి వెళితే సంగతి వేరు. నీళ్ళు వచ్చాయి, నీళ్ళతోపాటు శిస్తూ వచ్చింది. పంట చేతికి రాకముందే షావుకారు అప్పు ఇంటి ముందు నిలబడేది. ధాన్యం ధర పడిపోయిన ఏడాది, బాగా పండించిన రైతు కూడా ఓడిపోయేవాడు. ఈ సంగతులు రంగా గారు పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కరలేదు. పుట్టిన ఇంటి చుట్టూ చూస్తే చాలు.

ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయశాస్త్రం చదవాలంటే కోయంబత్తూరు కళాశాలకు వెళ్ళాలి. నిడుబ్రోలుకు దగ్గర్లోనే ఉన్న బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చింది 1945లో. రంగా గారు గుంటూరులో చదువుకున్నాక 1920ల తొలి సంవత్సరాల్లో ఇంగ్లండు ఓడ ఎక్కారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి 1926లో బి.లిట్. పట్టా తీసుకున్నారు. మధ్యలో 1924లో భారతీదేవి గారితో వివాహమైంది. తర్వాతి రోజుల్లో ఆవిడ కూడా స్వాతంత్ర్యోద్యమంలో భర్తతోపాటు పనిచేశారు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఎరువు ఎంత వేయాలో, విత్తనం ఏది మేలో నేర్పే చదువు ఒకటి. పండిన పంటకు ధర ఎందుకు రావడం లేదో, అప్పు ఎందుకు తీరడం లేదో నేర్పే చదువు మరొకటి. రెండూ రైతుకు కావలసినవే. రంగా గారి జీవితమంతా చూశాక మాకు తోచేది ఏమిటంటే, ఆయన ఊళ్ళో కళ్ళారా చూసిన కష్టం రెండో చదువును అడిగింది. ఆయన దాన్నే ఎంచుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నా ఆలోచన ఊరి మీదే ఉండేదనడానికి ఆయన పుస్తకమే సాక్ష్యం. పల్లెల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన రాసిన గ్రంథం మొదటి సంపుటం 1926లో వచ్చింది. అందులో పరిశీలించింది డెల్టా గ్రామాలనే. అంత దూరం వెళ్ళి ఆయన చదివింది తన ఊరి సంగతినే అన్నమాట.

తిరిగి వచ్చాక మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించారు. ఆక్స్‌ఫర్డ్ పట్టా, కళాశాల ఉద్యోగం, పట్నంలో కాపురం. అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనరు. మనవాళ్ళ లెక్కలో అది స్థిరపడటమే. కానీ 1930లో గాంధీగారి పిలుపు విని ఆయన ఉద్యమంలోకి వచ్చేశారు. అదే ఏడాది కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

అప్పటికే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో చిక్కుకుంది. ధాన్యం ధరలు కూలిపోయాయి. శిస్తు మాత్రం తగ్గలేదు. జమీందారీ గ్రామాల్లో రైతుల పరిస్థితి మరీ అన్యాయం. వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనలోనూ, 1933 నాటి రైతు ఉద్యమంలోనూ రంగా గారు ముందు నిలబడ్డారు. జైలుకూ వెళ్ళారు.

అన్నిటికంటే మన బడి పిల్లలకు నచ్చే సంగతి ఇది. 1930ల మొదటి భాగంలో ఆయన నిడుబ్రోలులో రైతుల కోసం ఒక విద్యాలయం పెట్టారు. దాన్ని రైతాంగ విద్యాలయం అనేవారు. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన యువకులకు అక్కడ ఆర్థికశాస్త్రం, రాజకీయాలు, చరిత్ర నేర్పేవారు. సభలో నిలబడి మాట్లాడటం నేర్పేవారు. శిస్తు లెక్క అర్థం చేసుకుని అధికారిని ప్రశ్నించగల రైతుబిడ్డలను తయారు చేయాలన్నది ఉద్దేశం. శ్రీకాకుళం ప్రాంతంలో పేదల నాయకుడిగా పేరు పొందిన గౌతు లచ్చన్న గారు రంగా గారికి శిష్యుడు, జీవితాంతం సహచరుడు. ఓడ ఎక్కి, ఎంతో డబ్బు పోసి తెచ్చుకున్న చదువు ఇలా సొంత ఊళ్ళోనే పంపకమైంది.

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగా గారు కార్యదర్శి. 1938లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం రైతుల అప్పుల భారం తగ్గించే చట్టం తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ఇవి ఏ ఒక్కరి వల్లో వచ్చినవి కావు. వేలాది రైతులు రోడ్డెక్కి నడిచిన ఫలితం. ఆ నడకలో రంగా గారి అడుగులూ ఉన్నాయి. 1946లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన ఆహార వ్యవసాయ సంస్థ సమావేశంలో ఆయన భారతదేశం తరఫున పాల్గొన్నారు.

ఆయన చేసిన ప్రతి పనినీ అందరూ మెచ్చుకోలేదు. సొంత భూమి ఉన్న రైతును పట్టించుకున్నంతగా ఆయన వ్యవసాయ కూలీని పట్టించుకోలేదని కమ్యూనిస్టులు విమర్శించారు. 1951లో కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. తర్వాత మళ్ళీ కాంగ్రెస్‌లో చేరారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని బలపరిచింది. రైతు చేతిలోంచి భూమి జారిపోతుందని భయపడి ఆయన మళ్ళీ బయటికి వచ్చారు. రాజాజీ గారితో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. కొన్నేళ్ళకు తిరిగి కాంగ్రెస్‌లోకే వచ్చారు. పార్టీలు మారినా పట్టుకున్న విషయం మాత్రం మారలేదు. మధ్యలో ఓటములూ విరామాలూ ఉన్నా, 1930లో మొదలైన ఆయన చట్టసభల జీవితం 1991 వరకు సాగింది. ఆ ఏడాదే పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్‌లో కన్నుమూశారు. 1964లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోని విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జయశంకర్ గారి పేరు పెట్టుకుంది. రంగా గారి పేరు గుంటూరుకు, అంటే ఆయన సొంత జిల్లాకు చేరింది.

ఎరువుల గురించీ పురుగుల గురించీ పరీక్ష రాయని మనిషి పేరు ఆ గేటు మీద ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమయి ఉంటుంది.

ఆయనకంటే ముందు నేరుగా పంటల చదువుకే విదేశం వెళ్ళిన వాళ్ళూ ఉన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ గారు 1906లో తన కొడుకు రథీంద్రనాథ్‌ను అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వ్యవసాయం చదవమని పంపారు. జమీందారు బిడ్డ బారిస్టరు చదువుకు వెళ్ళడం మామూలైన కాలంలో అది వింత నిర్ణయమే. రథీంద్రనాథ్ 1909లో పట్టా పుచ్చుకుని వచ్చి తమ పల్లెల్లోనే కొత్త పంటలు వేసి చూశారు. ఆ తర్వాత తండ్రి స్థాపించిన శ్రీనికేతన్‌లో గ్రామాల కోసం పనిచేశారు. మన కాలానికి దగ్గరగా వస్తే, ఎం.ఎస్. స్వామినాథన్ గారు 1949లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో బంగాళాదుంప మీద పరిశోధన మొదలుపెట్టి, తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్ళారు. ముగ్గురివీ మూడు దారులు. తిరిగి చేరింది మాత్రం మన రైతు దగ్గరికే.

కాబట్టి వ్యవసాయమో, ఉద్యానశాస్త్రమో చదవాలనుకునే పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు మేము చెప్పేది ఇంతే. యూనివర్సిటీ పేరు చూసేముందు మీ ప్రశ్న ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. మామిడికి వచ్చే తెగులా? బోరు ఎండిపోతున్న రాయలసీమ చేనా? టమాటా ధర పడిపోయి రైతు పంటను రోడ్డు మీద పారబోయడమా? ఆ ప్రశ్నకు జవాబు వెతికే గురువులు ఎక్కడున్నారో అప్పుడు చూడండి. ఆ ఊరి వాతావరణం, నేల, పంటలు మనం పనిచేయబోయే చోటికి ఎంత దగ్గరో చూడండి. చలిదేశంలో నేర్చుకున్నది అనంతపురంలో అలాగే పనికి రాకపోవచ్చు. ఆ పట్టాకు మన దేశంలో గుర్తింపు ఉందా, మొత్తం ఖర్చు ఎంత, అప్పు చేస్తే ఎన్నేళ్ళలో తీరుతుంది అన్నవి నాన్నగారితో కూర్చుని లెక్క వేయండి. అప్పు లెక్క తెలియకుండా వ్యవసాయం చదవడం మొదలుపెట్టకూడదు. రంగా గారి కథ నేర్పే మొదటి పాఠం అదే కదా! గుంటూరు, బాపట్ల, వెంకటరామన్నగూడెం, రాజేంద్రనగర్ కూడా ఆ జాబితాలో ఉంచండి. మన ప్రశ్నకు జవాబు అక్కడే దొరికితే విమానం ఎక్కే దూరం తగ్గినందుకు సంతోషించాలి.

ఇక పెద్దవాళ్ళకు ఒక మనవి. వీలైతే ఒక సెలవు రోజున పిల్లలను వఫ్రా వైపో, అబ్దలీ వైపో తీసుకువెళ్ళండి. ఇసుక నేలలో, ఉప్పు తగిలే నీళ్ళతో, నీడ పందిళ్ళ కింద దోసకాయ, టమాటా ఎలా పండిస్తున్నారో చూపించండి. అక్కడ మన భాష మాట్లాడే అన్నదమ్ములు కనిపిస్తే పలకరించమనండి. వ్యవసాయం అంటే ఓడిపోయి వదిలేసి వచ్చిన పని అని మాత్రమే మన పిల్లలు మన నోట వింటున్నారు. ఎడారిలో కూడా మనిషి పట్టుపట్టి చేసే పని అది అని కళ్ళతో చూస్తే, వాళ్ళకు వాళ్ళ ప్రశ్న దొరకవచ్చు.

ఆ తర్వాత మన ఇంటి అమ్మాయి వచ్చి వ్యవసాయం చదువుతానంటే నిశ్శబ్దంగా ఊరుకోకుండా, ఎవరి పొలం కోసం తల్లీ అని అడుగుదాం. ఆ జవాబు ఆమె దగ్గర ఉంటే దేశం, యూనివర్సిటీ ఏవో కలిసి కూర్చుని వెతకవచ్చు.