శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

గోదావరీతీరమునందలి రాజమహేంద్రవరమున 1909వ సంవత్సరము జులై 15వ తేదీన దుర్గాబాయి జన్మించెను. ఆమె తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ కాలపు ఆచారము ననుసరించి ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము చేసిరి. యుక్తవయస్కురాలైన పిదప ఆమె యా బంధమును వీడి, చదువునకును దేశసేవకును తన జీవితము నంకితము చేసికొనెను. బాల్యముననే బాలికలకు హిందీ నేర్పుటకై రాజమహేంద్రవరమున ఒక పాఠశాలను నెలకొల్పెను.

1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగెను. అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున దుర్గాబాయి స్వయంసేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. అంతలో జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. ఆయనయొద్ద టిక్కెట్టు లేదు. ఆ బాలిక ఆయనను నిలిపివేసెను. నిర్వాహకులు కోపించినను ఆమె చలింపలేదు. టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే లోనికి పోనిచ్చెను. ఆమె కర్తవ్యదీక్షకు నెహ్రూ మిక్కిలి సంతసించెను.

1930లో మద్రాసున ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని దుర్గాబాయి చెరసాలకు పోయెను. అచ్చట ఆమె అనేక స్త్రీఖైదీలను చూచెను. వారిలో చదువు లేక, న్యాయస్థానమున తమ మాట చెప్పుకొనలేక, చేయని నేరమునకు శిక్ష ననుభవించువారును ఉండిరి. వారి దుఃఖము ఆమె మనస్సును కలచివేసెను. తాను న్యాయశాస్త్రము నభ్యసించి అట్టివారికి తోడ్పడవలెనని ఆమె నిశ్చయించుకొనెను. అప్పటికి ఆమె మెట్రిక్యులేషనైనను ఉత్తీర్ణురాలు కాలేదు. అయినను వెనుదీయక, కాశీ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషన్ పరీక్షను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి.ఏ. పరీక్షను గడచి, 1942లో మద్రాసున న్యాయవాదపట్టమును పొందెను.

తాను పొందిన విద్య ఇతర స్త్రీలకును అందవలెనని ఆమె తలంచెను. 1937లో మద్రాసునందు ఆమె ప్రారంభించిన చిన్నసంఘమే పిదప ఆంధ్ర మహిళాసభగా వర్ధిల్లెను. నడివయస్సున చదువు మొదలిడిన స్త్రీలకు పరీక్షలకు తర్ఫీదు, చేతిపనులలో శిక్షణ అందు లభించెను. క్రమముగా ఆ సభ వైద్యాలయములను, నర్సులకు శిక్షణాలయములను నెలకొల్పెను. హైదరాబాదునకును దాని సేవ వ్యాపించెను.

భారత రాజ్యాంగమును రచించిన సభలో దుర్గాబాయి సభ్యురాలు. 1952 ఎన్నికలలో ఆమె పరాజయము పొందెను. కాని ఆ సంవత్సరమే ప్రణాళికా సంఘమున సభ్యత్వము లభించెను. నాడు దేశమున అనాథలకు, వితంతువులకు, వికలాంగులకు సేవచేయు సంఘము లనేకము లుండెను గాని, వానికి ధనము లేదు. ప్రభుత్వమునకు ధనమున్నను, కార్యాలయముల ఉత్తరువులతో మాత్రమే దీనులను ఆదుకొనుట సాధ్యము కాదు. ఈ రెండింటిని కలుపవలెనని దుర్గాబాయి యోచించెను. ప్రథమ పంచవర్ష ప్రణాళికలో సేవాసంఘముల సహాయమునకై నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపబడెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమసంఘ మేర్పడగా, ఆమెయే దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. ఆ సంవత్సరమే ఆర్థికమంత్రియైన చింతామణి దేశ్‌ముఖ్‌ను ఆమె వివాహమాడెను.

ఆ సంఘము పట్టణములతో తృప్తిపడలేదు. 1954లో గ్రామసంక్షేమ పథకములను ప్రారంభించెను. ఇంచుమించు ఇరువదియైదు గ్రామముల కొక పథకము. గ్రామసేవికలు, శిక్షణ పొందిన మంత్రసానులు ఇంటింటికి పోయి గర్భిణులకును పసిపాపలకును సాయపడిరి. పిల్లలకు బాలవాడులు, తల్లులకు చదువు, చేతిపనులు ఏర్పడెను. 1958లో చదువు మానిన స్త్రీలకు తక్కువ కాలములో విద్య గరపు తరగతులు మొదలయ్యెను. వానిలో చదివి ఎందరో స్త్రీలు ఉపాధ్యాయినులై, నర్సులై తమ కుటుంబములను పోషించుకొనిరి.

1975లో భారత ప్రభుత్వము ఆ దంపతులిరువురకు పద్మవిభూషణ బిరుదము నొసంగెను. 1981 మే 9వ తేదీన దుర్గాబాయి పరమపదించెను. దీనులకు ఒకనాటి అన్నము పెట్టుటకంటె, వారు తమ కాళ్లపై తాము నిలుచునట్లు చేయుట గొప్ప సేవ యని ఆమె జీవితము చాటుచున్నది. ఆమె నాటిన ఆంధ్ర మహిళాసభ నేటికిని ఆ మార్గముననే నడచుచున్నది.